‘మ’కు దీర్ఘం

ఆపియా,
మార్చి మొదటి వారం

సలెతావా ఊరి తరఫున సభల్లో మాట్లాడే మాటపెద్దగారు, ఫాటుటోవా బిరుదు మోస్తున్నవారు, మా అమ్మకు తోడబుట్టినవారు అయిన మావయ్యగారి సముఖానికి,

మేనల్లుడు లినో క్షమాపణలతో రాయునది. ఈ ఉత్తరం పొడుగునా నేను నెత్తిన నాణ్యమైన చాప కప్పుకుని, తెల్లవారుజామునుంచీ మీ వాకిట్లో తల వంచుకు కూర్చున్నట్టు ఊహించుకోండి. అంతకన్నా పెద్ద క్షమాపణ మన దీవుల్లో ఎవరికీ తెలీదు కాబట్టి దాన్నే వాడుతున్నాను. ముందు మీ చేతికర్రకు క్షమాపణ. భుజం మీది పీచు చామరానికి క్షమాపణ. మీరు ఆనుకుని కూర్చునే స్తంభానికి, స్తంభం వెనకనుంచి తొంగిచూసే అత్తయ్యకు, అత్తయ్య వెనకనుంచి తొంగిచూసే పందిపిల్లకు విడివిడిగా క్షమాపణలు. కొండల్నీ మబ్బుల్నీ పలకరించి, పూర్వీకుల్ని పేరుపేరునా లేపి, వాళ్లు మళ్లీ సర్దుకుని పడుకున్నాక గానీ అసలు సంగతి ఎత్తకూడదని తెలిసి కూడా, నేను సరాసరి సంగతిలోకి దూకబోతున్నాను. అందుకు అన్నిటికంటే పెద్ద క్షమాపణ. తప్పు నాది కాదు, చదువుది. ఈ ఏడు మాకు ‘వాదనా రచన’ అని ఒక పాఠం పెట్టారు. మొదటి వాక్యంలో సంగతి లేకపోతే లూసియా టీచర్ మార్కులు కోసేస్తుంది.

సంగతి ఇది. మన పడవ కోసం పడవ పోటీల కమిటీకి అర్జీ రాయమని ఊరి పెద్దల సభ నన్ను ఆజ్ఞాపించింది కదా. రాశాను. నకలు ఇందులోనే ఉంది.

మీకు తెలిసిందే అయినా, అర్జీ అన్నాక జరిగింది మొదట్నుంచీ చెప్పాలి. జూన్‌లో స్వాతంత్ర్య దినం పోటీకి తాలీముగా పోయిన నెల ఇక్కడి రేవులో పడవలు వదిలారు. పీపా చుట్టూ తిరిగే మలుపులో మన పడవ అటాఫా, ఫగమూలీ ఊరి పడవా రాసుకున్నాయి. వాళ్ల తెడ్లు ఆరు విరిగాయి. సముద్రమన్నాక తెడ్లు విరుగుతాయి, దానికి కమిటీ మనల్ని ఏమీ అనలేదు. అన్నది ఆ వెంటనే జరిగినదానికి. పడవ వెనక చివర చుక్కాని పట్టుకు నిలబడ్డ మీరు చెయ్యెత్తి ఒక మాట అరిచారు. ఆ మాటకే ఈ ఏడు పోటీలోకి రావద్దన్నారు.

ఆ మాటేమిటన్నదే తగువు. వాళ్ల పడవ పేరు మలియె. సొరచేప. ‘మ’ పొట్టిది. ‘ఒరే సొరచేపా, చూసుకో!’ అని మీరు పడవని పేరుపెట్టి హెచ్చరించారని మన వాదన. కాదు, ‘మ’ సాగదీసి ‘మాలియె!’ అన్నారని వాళ్ల వాదన. సభలో మీ ఉపన్యాసం గుండెకి తగిలినప్పుడు జనం అరిచే ‘భేష్’ అది. తెడ్లు విరగ్గొట్టుకున్నవాడి మొహం మీద భేష్ అంటే వెక్కిరింతేగా మరి. ఒక్క దీర్ఘం కోసం మన అటాఫా ఇసకలో బోర్లా పడుంది. ఈ పోటీ అయ్యాక చుక్కాని కుర్రాళ్లకి అప్పగిస్తానని సభలో మీరే అన్నారు. అంటే ఈ జూన్ పోతే మీకు ఇంకో జూన్ లేదు. అది నేను మరిచిపోలేదు.

నా వాదన వినండి. గాలికి ఎదురుగా అరిచినప్పుడు ఏ అచ్చయినా సాగుతుంది. నా గదిలో ఉండే కుర్రాణ్ని రేవుగోడ మీద నిలబెట్టి, మా హాస్టల్ వంటాయన పేరు పదేపదే అరిపించాను. అరిచినప్పుడల్లా సాగింది. (వంటాయన కూడా వచ్చాడు, గరిటె పట్టుకుని. అది అర్జీలో రాయలేదు.) కాబట్టి సాగిన మాట విన్నంతమాత్రాన సాగదీసిన మాట అన్నారని చెప్పలేం. కాబట్టి వెక్కిరింత రుజువు కాలేదు. కాబట్టి నిషేధం నిలవదు. లూసియా టీచర్ నా అర్జీ చదివి ‘ఇందులో సూది దూరే సందు లేదు’ అంది. నేను రోజంతా ఛాతీ విరుచుకు తిరిగాను.

తిరుగు టపాలో ఒక్క ముక్క రాయండి, ఊరికే నా తృప్తికోసం. మీరు అరిచింది పొట్టిదా, పొడుగుదా? రాసేటప్పుడు అక్షరం నెత్తిన దీర్ఘం గీత మాత్రం మరవకండి, అది లేకపోతే మన రాతలో రెండు మాటలూ ఒక్కలాగే కనిపిస్తాయి. మీరు పుట్టి బుద్ధెరిగాక ఒక్క గీతా పెట్టలేదు. ‘చదివేవాడికి ఆమాత్రం తెలీదా’ అంటారు. ఈసారి చదివేవాడికి నిజంగానే తెలీదు.

పాదాల దగ్గర కూర్చుని,
లినో


సలెతావా, సవాయీ దీవి,
మార్చి చివర

ఒరేయ్ లినో,

బస్సు నడిపే టోఫి నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. ఫోన్ చేస్తే పోయేదానికి ఈ రాతలెందుకని అత్తయ్య గోల. ఫోన్లో మాట్లాడితే నా చేతికర్రకి పనేముంటుంది చెప్పు?

నీ అర్జీ పెద్దల సభలో చదివించాను. పాస్టరుగారమ్మాయి చదివింది. చదవడం అయిపోయింది. అయిపోయిందని ఎవరికీ తెలీలేదు. ఇంకా ఏదో వస్తుందని అందరూ కావా కషాయం చిప్పలు పట్టుకుని అలాగే కూర్చున్నారు.

“ఇది అర్జీయా, మందు సీసా మీద చీటీయా?” అన్నాడు మూలనున్న ముసలాయన.

“పలకరింపేదయ్యా?” అని ఇంకొకాయన.

“తేదీ ఉందిగా,” అన్నాన్నేను, నిన్ను వెనకేసుకొస్తూ.

“అంటే తేదీని పలకరించాడా మీ అల్లుడు?”

సభంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చెయ్యను. బిరుదు ఉన్నవాణ్ని, ఏడవకూడదు.

నువ్వు ఇంటికి వంటింటి వైపునుంచి వచ్చావురా. దొంగ వస్తాడు అలా, లేకపోతే ఆకలేసినవాడు వస్తాడు. ఎవరినైనా ఒకటి అడగబోయేముందు వాళ్లెవరో వాళ్లకి గుర్తుచెయ్యాలి. మీ కొండ ఏది, మీ తాత ఎంతటివాడు, మీ ఊరి ఊటనీళ్లు ఎంత తీపి అని చెప్పాలి. అప్పుడు వాడు తన గొప్ప తనకే గుర్తొచ్చి, దానికి తగ్గట్టు నడుచుకుంటాడు. నువ్వేమో వాడి మొహాన ‘కాబట్టి’లు విసిరావు. నువ్వొకటి విసిరితే వాడూ వంగి ఒకటి ఏరుకుంటాడు, తిరిగి విసరడానికి. ఇందులో గెలుపెక్కడుంది?

అయినా పంపు. ఊరి డబ్బుతో చదివావు, నీ సరదా కూడా తీరనీ. తీరాక నాకు చెప్పు.

ఉత్తరం చివర ఏదో అడిగావు. సరిగ్గా అక్కడే మీ అత్తయ్య కోకో ఒలకబోసింది. ఒక్క అక్షరం కనిపించలేదు.

దీవెనలతో,
ఫాటుటోవా


ఆపియా,
ఏప్రిల్ రెండో వారం

మావయ్యా,

ఈసారి బిరుదులు రాయలేదు. ఓడినవాడి దగ్గర అంత ఊపిరి ఉండదు.

కమిటీ జవాబు రెండు వాక్యాలు. ‘మీ వాదనలో తప్పు పట్టడానికేమీ లేదు. నిషేధం అలాగే ఉంటుంది.’ పట్టుకెళ్లి లూసియా టీచర్‌కి చూపించాను. మొదటి వాక్యం చదివి నా భుజం తట్టింది. రెండో వాక్యం మా పాఠాల్లో లేదంది.

ఎలా జరిగిందో చెప్తాను. కమిటీ పెద్దావిడ ఒకప్పుడు హెడ్మిస్ట్రెస్. ఆవిడ బల్ల ఎదురుగా నిలబడితే మూడో ఏడు చదివేవాడు కూడా మూడో క్లాసువాడైపోతాడు. నేను నిలబడి అర్జీ గడగడా చదివాను. ఒక్కచోట తడబడలేదు. ఫగమూలీ తరఫున వచ్చినాయన, ఆ రోజు వాళ్ల చుక్కాని పట్టినాయనే. పేరు లొటొమౌ. ముప్పై ఏళ్లుంటాయి. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. నేను చదివినంతసేపూ బుద్ధిగా తలూపాడు. అయ్యాక లేచాడు.

“తమ్ముడూ, గాలికి అచ్చు సాగిందన్నావు.”

“అవునన్నా. పరీక్షచేసి చూశాం.”

“నిజమే అయ్యుంటుంది. మరి ఆయన నవ్వాడు. ఆ పెదాలు కూడా గాలికే సాగాయంటావా?”

గదిలో నవ్వనివాడు లేడు. గోడమీది బల్లి కూడా ఒకసారి కిచకిచమంది. నా సూది దూరని అర్జీలోంచి ఏకంగా పడవ దూరిపోయింది మావయ్యా. మీరు నవ్వారని నాకెవరూ చెప్పలేదు. నవ్వారా? హెచ్చరించేవాడు నవ్వుతాడా?

పెద్దావిడ మంచిదే. మే నెల సగానికి ఇంకో అర్జీ ఇచ్చుకోమంది. కాబట్టి (క్షమించండి, నోటికి అలవాటైపోయింది) ఇప్పుడు మీ వంతు. మీ పద్ధతిలోనే రాయండి. కొండలు, మబ్బులు, తాతలు, ఊటనీళ్లు, అందరూ రావచ్చు. నేను నోరుమూసుకుని చదివిపెడతాను.

ప్రశ్న మాత్రం మళ్లీ అడుగుతున్నాను. పొట్టిదా, పొడుగుదా? ఈసారి కాగితం నడిమధ్యన రాశాను. కోకో ఇక్కడిదాకా రాదు.

లినో


సలెతావా,
ఏప్రిల్ చివర

అల్లుడూ,

ఇప్పటికి దారికొచ్చావు. ఊరంతటికీ టారో దుంపలు కాల్పించాను ఆ సంతోషంతో.

అర్జీ ఇందులో పెట్టాను. రాయడానికి వారం పట్టింది. రాస్తూ ఒక్కొక్క ముక్కా అత్తయ్యకి వినిపించాను. మూడుచోట్ల ఏడ్చింది, ఒకచోట నిద్రపోయింది. నిద్రపోయిన చోట కొట్టేశాను. నువ్వు పూర్తిగా చదువుతావో లేదోనని గుండెకాయలాంటి ముక్క ఇక్కడ కూడా రాస్తున్నాను.

‘మా పడవ కట్టిన ఏడు మా ఊరిమీదినుంచి తుపాను పోయింది. పైకప్పు మిగిలిన ఇల్లు లేదు. కప్పులకని పైనుంచి కలప వస్తే, మా ఆడవాళ్లు దాన్ని ఇళ్లకెత్తనివ్వలేదు. పడవకివ్వమన్నారు. మా అమ్మ వానలో తడుస్తూ నిలబడి, ఇల్లు ఎక్కడికీ పోదు, పడవ వెళ్లి మన పేరు చెప్పి వస్తుంది, ముందు దాన్ని చెయ్యండి అంది. అందుకని మా అటాఫా నీళ్లమీద పోతుంటే మీకు కనిపించేది పడవ కాదు. తలమీద కప్పు లేకుండా ఒక ఏడాది తలెత్తుకు తిరిగిన ఊరు.’

ఎలా ఉంది? నీ ‘కాబట్టి’లు ఒక వంద తెచ్చి దీని పక్కన నిలబెట్టరా చూద్దాం.

చదివేటప్పుడు నిలబడి చదువు. చేతులు జేబుల్లో పెట్టకు. ‘తలెత్తుకు’ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, అప్పుడు ‘తిరిగిన ఊరు’ అను. పరుగెత్తకు, అక్కడ నిన్నెవరూ తరమడం లేదు.

నీ ప్రశ్న ఉన్న కాగితం పందిపిల్ల తినేసింది. నడిమధ్యనుంచే మొదలుపెట్టింది.

ఫాటుటోవా


ఆపియా,
మే రెండో వారం

మావయ్యా,

చదివాను. నిలబడే చదివాను. మీరు ఆగమన్నచోట ఆగాను, అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఆగాల్సొచ్చింది, కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని. ఇది ఎవరితోనూ అనకండి, నాకు కాలేజీలో పరువుంది.

కమిటీ పెద్దావిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. లెక్కలు రాసుకునే ఆయన ముక్కు చీదుకున్నాడు. లొటొమౌ తల దించుకుని, నేను ఆపగానే లేచి నిలబడి “మాలియె!” అని అరిచాడు. పొడుగు మా. పైనున్న రేకులు అదిరాయి. ఫగమూలీవాడు సలెతావా మాటకి భేష్ కొట్టాడు! నాకు ఒళ్లు ఉప్పొంగింది. మనం గెలిచేశామనుకున్నాను.

అప్పుడతను కళ్లు తుడుచుకుని అన్నాడు. “ఇంత గొప్ప ఊరు, ఇంత గొప్ప మనిషి. మరి నన్నెందుకు వెక్కిరించినట్టు? అది మాత్రం ఇందులో లేదు.”

పెద్దావిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. నిషేధం అలాగే ఉంది. ఆఖరిసారిగా మే చివర ఒక అవకాశం ఉంది. అది కూడా ‘జరిగింది చెప్పేదైతేనే’ అంది.

నేను వాళ్ల నోరు మూయించాను, మీరు వాళ్ల గుండె కరిగించారు. ఇద్దరం కలిసి ఒక్క పనిమాత్రం చెయ్యలేదు.

నిన్న చేపల బజారు దగ్గర లొటొమౌ కనిపించాడు. నేను తప్పుకుని పోబోతే అతనే పిలిచి కొబ్బరిబోండం కొట్టించి చేతిలో పెట్టాడు. పక్కన కూర్చున్నాను. చుక్కాని పట్టడం అతనికి అదే మొదటిసారట. మీ గురించి చిన్నప్పట్నుంచీ వింటున్నాడట. మీ పడవ పక్కన పోవడమే గొప్ప అనుకున్నాడట.

“ఊళ్లో పిల్లలు నా పేరు మానేశారు తమ్ముడూ. నేను కనపడితే ‘మాలియె, మాలియె’ అని అరుస్తారు. మా ఆవిడ నవ్వాపుకుంటుంది పాపం, నేను చూశాను.”

“జూన్‌లో గెలిచి చూపించు, మూసుకుంటారు,” అన్నాను. చూశారా, శత్రువుకి నూరిపోశాను.

“నేను పట్టట్లేదు. చుక్కాని దింపేశాను. ఆయనంతటివాడు నవ్వాడంటే నేను చేసింది నవ్వొచ్చే పనే అయ్యుంటుంది.”

కోపంగా అనలేదు మావయ్యా.

మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్లీ చదివాను. కోకో ఒలికింది, పంది తినేసింది. ‘నేను పొట్టి మ అన్నాను’ అని మాత్రం ఒక్కచోటా లేదు. అనకపోయినా అన్నానని రాయడం మీకు చేతకాదు, నాకు తెలుసు. ఇంక అడగను.

లినో


సలెతావా,
మే మూడో వారం

లినో,

ఆ కుర్రాడు చుక్కాని దింపేశాడా? గాడిద. వాడూ గాడిదే, వాణ్ని దింపనిచ్చిన వాళ్ల ఊరూ గాడిదే.

విను. మలుపులో కింది పోటు మమ్మల్ని లోపలికి లాగేసింది. తప్పు నాది కాదు, వాడిదీ కాదు. మా పడవ ముక్కు సూటిగా వాళ్ల నడుం మీదికి పోతోంది. ఇంకో ఊపిరి తీస్తే వాళ్ల కుర్రాళ్ల తలకాయలు పగిలేవి. నేను చుక్కాని ఎంత నొక్కినా తిరగలేదు. ఈ చేతులతో నొక్కాను, తిరగలేదు. వాడు తిప్పాడు. ఒంటికాలి మీద లేచి, ఒళ్లంతా చుక్కాని మీదేసి, నీటికి ఎదురు కాదు, నీటితోపాటు తిప్పాడు. ఎవడూ అలా తిప్పడు, భయమేస్తుంది. పడవ గింగిరాలు తిరిగి పక్కకొచ్చింది. తెడ్లు పోయాయి, తలలు మిగిలాయి. మా నాన్న తిప్పలేడు అలాగ. నేనూ తిప్పలేను.

నోట్లోంచి వచ్చేసిందిరా. నలభై ఏళ్లుగా సభల్లో కూర్చుంటున్నాను, మంచి మాట వింటే నోరాగదు. మంచి పని చూస్తే మాత్రం ఆగుతుందా? నవ్వొచ్చింది, చెయ్యి లేచింది, అరిచేశాను.

ఇది నీకూ నాకూ మధ్య. సలెతావా మాటపెద్ద ఫగమూలీవాడికి భేష్ కొట్టాడని తెలిస్తే మా నాన్న లేచొచ్చి నా చేతిలో కర్ర లాక్కుంటాడు. సమాధి ఇంటి ముందే ఉంది, ఆయన ఎక్కువ దూరం నడవక్కర్లేదు కూడా. వెక్కిరించాడని అనుకుంటే అనుకోనీ. అది మొగతనం కింద పోతుంది. మెచ్చుకున్నాడని మాత్రం అనుకోకూడదు.

ఆఖరి అర్జీ ఇందులో పెట్టాను. పట్టుమని పది వాక్యాలు లేవు. ఇందులో నీ ‘కాబట్టి’లు లేవు, నా మబ్బులూ లేవు. నువ్వు సతాయిస్తావని నెత్తిన గీతలు కూడా పెట్టాను, కళ్లు పోయాయి. అలాగే ఇవ్వు. ఇందులో ఒక్క అక్షరం మార్చావో, నీకు బిరుదిచ్చే సభలో నేనే అడ్డం పడుకుంటాను.

అత్తయ్య కొబ్బరిపాల ఆకుకూర టోఫి చేత పంపుతోంది. దారిలో వాడు తినకపోతే నీకొస్తుంది.

ఫాటుటోవా


ఆపియా,
మే ఆఖరు

మావయ్యగారికి, అటాఫా పడవ చుక్కానిపెద్దగారికి,

అవును, చుక్కానిపెద్దగారే. నిషేధం ఎత్తేశారు. రేపు మీరు పడవతోనూ, కుర్రాళ్లతోనూ ఓడ దిగుతారు కాబట్టి ఈ ఉత్తరం టోఫి చేత ముందే పంపుతున్నాను. మొహం మీద చెప్పే ధైర్యం లేదు. చదివేటప్పుడు సముద్రం మధ్యలో ఉండండి, నన్ను కొట్టడానికి కాస్త టైము పడుతుంది.

అర్జీ ఈసారి పెద్దావిడే తీసుకుని పైకి చదివింది, పాఠం చదివించే గొంతుతో. ‘పోటు మమ్మల్ని లాగింది. నేను తిప్పలేకపోయాను. వాళ్ల చుక్కాని పట్టినవాడు నీటితోపాటు తిప్పాడు. తెడ్లు పోయాయి, తలలు మిగిలాయి.’ మీలాంటి మనిషి ‘నేను తిప్పలేకపోయాను’ అని సొంత చేత్తో రాయడం విని లెక్కలు రాసుకునే ఆయన కలం ఆపి తలెత్తాడు. దానికి ఏ కారణమూ అవసరం లేకపోయింది, ఏ కొండా రావలసిన పని లేకపోయింది. తర్వాతి వాక్యం కూడా ఆవిడ అదే గొంతుతో చదివింది. ‘అప్పుడు నేను నవ్వి, చెయ్యెత్తి, మాలియె అని అరిచాను.’

పొడుగు మా.

లొటొమౌ లేచి, బల్లదాకా వచ్చి, “అమ్మా, నేనొకసారి చూడొచ్చా” అన్నాడు. కాగితం రెండు చేతులతో పట్టుకుని ఆ వాక్యం కళ్లకి దగ్గరగా తెచ్చుకుని చదివాడు. తర్వాత నావైపు తిరిగాడు.

“తమ్ముడూ, ఈ మాట ఆయనదేనా?”

“మాట ఆయనదే అన్నా.”

“వెక్కిరించడం కాదన్నమాట.”

“మా మావయ్య వెక్కిరించాలనుకుంటే ఒక్క మాటతో సరిపెడతాడా? పొద్దుగూకేదాకా వెక్కిరిస్తాడు.”

అప్పుడు నవ్వాడు మావయ్యా. తెడ్లు విరిగిన రోజునుంచీ దాచుకున్న నవ్వు. పెద్దావిడ ముద్ర తీసి కాగితం మీద గుద్దింది. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి అతనన్నాడు, “ఆ ముసలాయనతో చెప్పు. జూన్‌లో నేనే పడుతున్నాను. ఆ మలుపులో మళ్లీ కలుద్దాం. ఈసారి భేష్ అనడానికి ఆయన మా వెనకెక్కడో ఉంటాడు, గట్టిగా అరవమను, వినపడాలిగా.”

నేను ఊరుకుంటానా? “మా పడవ తోక చూస్తూ నువ్వే అందువుగానిలే” అన్నాను.

మన ఊరికి ఎలా తెలిసిందని నన్నడక్కండి. ఆ రోజు బయట టోఫి ఉన్నాడు. అత్తయ్య పంపిన ఆకుకూర గిన్నె ఖాళీగా తెచ్చిచ్చి, కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నాడు. మీరు భయపడ్డట్టు పెద్దల సభ కూలిపోలేదు. మూలనున్న ముసలాయన మీరు లేనప్పుడు ఏమన్నాడో టోఫియే చెప్పాడు. “చూశారా! మా ఫాటుటోవా ఒక్క మాట అంటే ఫగమూలీవాడు చుక్కాని దింపాడు. అదే మాట గట్టిగా చెప్తే మళ్లీ ఎత్తాడు. ఏ ఊళ్లో ఉందయ్యా అంత బరువైన నోరు?” అన్నాడట. ఆ రోజునుంచీ ఊరంతా ఇదే చెప్పుకుంటోందట, తామే అరిచినట్టు. తాతగారి సమాధి దగ్గర కూడా అంతా ప్రశాంతంగానే ఉందని అత్తయ్య కబురు పంపింది.

లూసియా టీచర్‌కి మూడు అర్జీలూ చూపించాను. మొదటిదానికి మార్కులేసింది. రెండోదాన్ని ఇంటికి తీసుకెళ్తానంది. మూడోది చదివి, ఇది ఏ పాఠంలో చెప్పాలో తనకి తెలీదంది.

ఇక నెత్తిన చాప నిజంగానే కప్పుకుంటున్నాను. మార్చిలో నేను చెప్పిన క్షమాపణల్లో ఒక్కదానికీ నేను చేసిన తప్పు లేదు. ఇప్పుడొకటుంది.

ఒక్క అక్షరం మార్చొద్దన్నారు. మార్చలేదు. అక్షరాలన్నీ మీవే, వరస మీదే. మీ జన్మలో మొదటిసారి ప్రతి దీర్ఘానికీ గీత పెట్టారు, వంకరటింకరగా, చంటిపిల్లాడిలా. ఒక్క మాట దగ్గర మాత్రం పెట్టలేదు. ఆ ‘మ’ నెత్తిన చోటు మాత్రం ఖాళీగా ఉంది. పెట్టలేక వదిలేశారో, పెట్టేవాడికోసం వదిలేశారో నేను అడగను, మీరు చెప్పరు. మీది నీలం సిరా. నా దగ్గర నల్లదే ఉంది. లొటొమౌ అది చూశాడు, అయినా గీత ఎవరిదని అడగలేదు, మాట ఎవరిదని అడిగాడు.

నేను చేసింది ఒక్కటే మావయ్యా. అక్కడ ఒక గీత పెట్టాను.

లినో